రెండు పంచాంగాల నడుమ ఒక మసాలా బ్రాండు: దక్షిణ ఒడిశాలో పండగ కానుకల ప్లాను, 2025

పర్లాఖిమిడి కేంద్రంగా పసుపు, కారం, ధనియాల పొడి, గరం మసాలా ప్యాక్ చేసి అమ్మే ఒక చిన్న సంస్థకు 2025లో మేం వేసి నడిపిన ప్లాను ఇది. సరుకు మూడు జిల్లాలకు వెళ్తుంది. గజపతి దాదాపు మొత్తం, గంజాంలో బరంపురం, దిగపహండి వైపు, రాయగడలో గుణుపురం, రాయగడ లైన్లు (సేల్స్‌మాన్ తిరిగే దారులు). కిరాణా షాపులు 620, డిస్ట్రిబ్యూటర్లు 9 మంది, సంతల్లో పట్టా పరుచుకుని అమ్మేవాళ్ళు 60 మంది.

యజమానుల కోరిక మామూలుదే: దసరాకి ఏదైనా ఇవ్వాలి, జనవరికి క్యాలెండరు వెయ్యాలి. ఏటా డబ్బు ఖర్చవుతూనే ఉంది గానీ, తెప్పించిన సంచులు, కీచైన్లు సగం గోడౌన్‌లోనే ఉండిపోయేవి. కారణం వెతికితే వస్తువులో లోపం పెద్దగా లేదు, తప్పంతా తేదీలోనే ఉంది. పండగకి వారం ముందు సరుకు దిగేది. ఆ వారం సేల్స్‌మాన్‌కి ఆర్డర్లు రాసుకోడానికే టైము చాలదు, షాపాయనకి అట్టపెట్టె విప్పే తీరిక ఉండదు. పండగ దాటాక "దసరా శుభాకాంక్షలు" అని అచ్చేసిన సంచి ఎవరికిచ్చినా చిన్నతనంగానే ఉంటుంది.

అందుకని ప్లాను మొత్తం ఒక్క ప్రశ్న మీద కట్టాం: ఈ పండగ పని ఇంట్లో ఏ రోజున మొదలవుతుంది? మన వస్తువు ఆ రోజుకి చేతిలో ఉండాలి.

తేదీల షీటు

ఈ ప్రాంతంలో తేదీలు కుదర్చడం శ్రీకాకుళంలో కుదిర్చినంత సులువు కాదు. తెలుగు ఇళ్ళల్లో అమావాస్యతో ముగిసే నెల, ఒడియా ఇళ్ళల్లో పున్నమితో ముగిసే నెల. శుక్లపక్షంలో రెండింటికీ నెల పేరు ఒకటే. కృష్ణపక్షం రాగానే ఒడియా పంజిక (వాళ్ళ పంచాంగం) ఒక నెల ముందుకి వెళ్ళిపోతుంది. మనం ఆశ్వయుజ అమావాస్య అనే దీపావళి వాళ్ళకి కార్తిక అమావాస్య. పండగ రోజు మారదు, పేరే మారుతుంది. నెలని బట్టి చేసే నోములు, వారాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రోజులే మారిపోతాయి. అది మార్గశిరం దగ్గర చెప్తాను.

దీనికి తోడు కొన్ని పండగలు సూర్యుడి లెక్కవి. కొత్త సంవత్సరం మనకి ఉగాది, 2025లో మార్చి 30న వచ్చింది. వాళ్ళకి పణా సంక్రాంతి, ఏటా ఏప్రిల్ 14 ప్రాంతమే. రజో పండగ మిథున సంక్రమణం పట్టుకుని జూన్ 14, 15, 16 తేదీల్లోనే ఉంటుంది. రథయాత్ర చాంద్రమానం, 2025లో జూన్ 27. బరంపురం బుఢీ ఠాకురాణీ యాత్ర, అంటే అక్కడి అమ్మవారి జాతర, అసలు రెండేళ్ళకోసారి. 2023లో అయింది, 2025లో అయింది, 2026 షీటులో ఆ గడి ఖాళీ. పాత ఏడాది ఆర్డరు కాగితం తీసి అదే పంపేసే అలవాటు ఉన్న చోట ఈ ఒక్క గడి వల్లే వేల రూపాయల సరుకు మిగిలిపోతుంది.

షీటులో ఒక్కో పండగకి ఒక వరస. అందులో తేదీలు వెనక నుంచి ముందుకి రాస్తాం. దసరా వరస ఇలా ఉంది. పండగ అక్టోబర్ 2. ఇంటికి సరుకులు తెచ్చుకోవడం మహాలయ అమావాస్య, అంటే సెప్టెంబర్ 21, దాటగానే మొదలు. షాపులో వస్తువు ఉండాల్సింది సెప్టెంబర్ 15. డిస్ట్రిబ్యూటరుకి చేరాల్సింది సెప్టెంబర్ 5. సప్లయరు దగ్గర లోడు ఎక్కాల్సింది ఆగస్టు 25. శాంపిల్ ఓకే చేసి పని మొదలుపెట్టించాల్సింది జూలై 25. మొదటి శాంపిల్ చేతికి రావాల్సింది జూలై 10. ఆర్డరు మాట్లాడాల్సింది జూన్ చివరి వారం. దసరా వస్తువు గురించి రజో పండగ కాగానే కూర్చోవాలన్న మాట. శాంపిల్‌కీ అసలు పనికీ మధ్య ఉంచిన ఆ 15 రోజులు వృథా అనిపిస్తాయి కానీ, మొదటి శాంపిల్ ఒక్కసారికే ఓకే అయ్యే వస్తువు చాలా అరుదు.

దసరా, దీపావళి సరుకుని ఇంత ముందుకి లాగడానికి ఈ తీరంలో ఇంకో కారణం ఉంది. అక్టోబర్ తుపాన్ల నెల. 2013లో ఫైలిన్ అక్టోబర్ 12న గోపాలపురం దగ్గర, 2014లో హుద్‌హుద్ అదే తేదీన విశాఖలో, 2018లో తిత్లీ అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటాయి. 2025లో సరిగ్గా దసరా రోజున తీవ్ర వాయుగుండం గోపాలపురం దగ్గర దాటింది, గజపతి కొండల్లో చరియలు పడ్డాయి. మన సరుకు అప్పటికే షాపుల్లో ఉంది కాబట్టి ఆ వాన లెక్కలోకి రాలేదు.

డబ్బు పంపకం

బడ్జెట్ పన్ను కాక 6 లక్షలు. క్యాలెండర్లు 2,600, ఒక్కోటి 36 రూపాయలు, మొత్తం 93,600. సంత గొడుగులు 60, ఒక్కోటి 850, మొత్తం 51,000. షాపు వాళ్ళకి చేతి గొడుగులు 650, ఒక్కోటి 210, మొత్తం 1,36,500. అట్ట విసనకర్రలు 10,000, ఒక్కోటి 3 రూపాయల 20 పైసలు, మొత్తం 32,000. స్టీలు చెంచాలు 12,000, ఒక్కోటి 7, మొత్తం 84,000. ముగ్గు అచ్చులు 6,000, ఒక్కోటి 9, మొత్తం 54,000. సిబ్బందికి టీషర్టులు 80, ఒక్కోటి 260, మొత్తం 20,800. డిస్ట్రిబ్యూటర్లకి దీపావళి కానుక 9 మందికి 2,500 చొప్పున 22,500. అన్నీ కలిపి 4,94,400. లారీ, ప్యాకింగు 42,000, డిజైను, స్క్రీన్లు, డై, ప్రూఫులు కలిపి 24,000. మిగిలిన 39,600 ముట్టుకోకుండా పక్కన పెట్టాం. ఏదో ఒక లాటు తిప్పి పంపాల్సి వస్తుంది, లేదా లారీ బదులు పార్శిల్లో వెయ్యాల్సి వస్తుంది. ఆ ఖర్చుకి ముందే చోటుండాలి.

వినాయక చవితికి ఏమీ పెట్టలేదు. ఆ పది రోజులూ ప్రతి పందిరి మీదా యాభై పేర్లుంటాయి, ఒక పసుపు ప్యాకెట్టు పేరు అక్కడ ఎవరికీ కనిపించదు. చందా ఇచ్చి రసీదు తీసుకుంటే చాలు.

యజమానులు అడిగిన నాన్‌వోవెన్ (నెయ్యకుండా అతికించిన ప్లాస్టిక్ గుడ్డ) సంచులు కూడా వద్దన్నాం. వాళ్ళకి వచ్చిన కొటేషన్ 45 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాముల బరువు) గుడ్డకి. 2021 సెప్టెంబర్ 30 నుంచి 60 జీఎస్ఎం కంటే పల్చటి నాన్‌వోవెన్ క్యారీ బ్యాగులు నిషేధం. దుకాణంలో పట్టుబడితే జరిమానా కట్టేది షాపు వాడు, సంచి మీద పేరు మాత్రం మనది. 80 జీఎస్ఎంకి వెళ్తే సంచి ధర చెంచాకి రెట్టింపు దాటుతోంది. ఫ్లెక్సీల విషయంలోనూ ఇదే చూసుకోవాలి, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు 2022 జూలై 1 నుంచి కుదరవు.

సంత గొడుగు, యాత్ర విసనకర్ర

ఎండాకాలం వస్తువులు రెండు. సంత గొడుగులు ఉగాదికి ముందే, మార్చి మూడో వారానికి ఇచ్చేశాం. 7 అడుగుల వెడల్పు, పైన డబుల్ టాపు. గాలి అడుగు నుంచి దూరి పైన ఆ సందులోంచి పోతుంది. అది లేని గొడుగు కొండ సంతలో సాయంత్రం గాలికి తిరగబడి ఊచలు వంగిపోతుంది. డబుల్ టాపుకి ఒక్కో గొడుగుకి 60 రూపాయలు ఎక్కువైంది, 850 ధరలో అది కలిసే ఉంది. కాలు పాతడానికి 45 గొడుగులకి రెండడుగుల మొనదేలిన ఇనుప గొట్టం ఇచ్చాం, నేలలో దిగ్గొట్టి అందులో కర్ర దించుకుంటారు. పర్లాఖిమిడి, రాయగడ బజార్లలో సిమెంటు రోడ్డు కాబట్టి మిగతా 15కి సిమెంటు దిమ్మ. ఏ లైనుకి ఏది అన్నది ఆర్డరుకి ముందే సేల్స్‌మాన్ల చేత రాయించాలి. దిమ్మలు కొండకి, గొట్టాలు బజారుకి వెళ్తే రెండూ పనికిరావు.

ఈ గొడుగుల మీద అక్షరాలు తక్కువ, బొమ్మ ఎక్కువ. చాటికొన బుధవారం సంత లాంటి చోట నియమగిరి కొండల మీంచి దిగే డొంగ్రియా కొంధు ఆదివాసులు ప్యాకెట్టుని రంగు బట్టి, బొమ్మ బట్టి అడుగుతారు. అందుకే గుడ్డ రంగు పసుపు ప్యాకెట్టు రంగే, దాని మీద పసుపు కొమ్ము బొమ్మ. పేరు ఒడియాలోనూ తెలుగులోనూ కింద వేలాడే జాలరు మీద వేయించాం. గొడుగు సగం వాల్చినా జాలరు కనిపిస్తుంది.

విసనకర్రలు 6,000 ఠాకురాణీ యాత్రకి, 4,000 రథయాత్రకి. యాత్ర ఏప్రిల్ ఉక్కలో దాదాపు నెల పొడుగునా నడుస్తుంది, రాత్రుళ్ళు అమ్మవారి ఘటాల ఊరేగింపు చూడ్డానికి జనం బారులు తీరి నిలబడతారు. చేతిలో విసనకర్ర అప్పుడు ఎవరూ వద్దనరు, కానీ ఊరేగింపు అవగానే రోడ్డు మీద పడేస్తారు. అందుకు రెండు జాగ్రత్తలు తీసుకున్నాం. దేవుడి బొమ్మ, అమ్మవారి బొమ్మ ఎక్కడా వెయ్యలేదు. కాళ్ళ కింద పడే వస్తువు మీద జగన్నాథుడి కళ్ళు వేయించడం వ్యాపారానికే కాదు, ఊరికీ మంచిది కాదు. రెండో జాగ్రత్తగా, ఇంటికి తీసుకెళ్ళడానికి వెనకవైపు ఒక కారణం పెట్టాం. ఏప్రిల్ ఆవకాయల నెల, కాబట్టి కొలతలు అచ్చేశాం: నాలుగు గిన్నెల ముక్కకి గిన్నెడు ఆవపిండి, గిన్నెడు కారం, ముప్పావు గిన్నె ఉప్పు, గిన్నెన్నర నువ్వుల నూనె, చెంచాడు పసుపు, చెంచాడు మెంతులు. రథయాత్ర లాటు వెనక దాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు) కొలతలు ఒడియాలో వేశాం.

పుల్ల లేకుండా, బొటనవేలు దూరే రంధ్రంతో ఒకే ముక్కగా డై కట్టింగ్ చేయించాం. 7 అంగుళాల గుండ్రం. యాత్రకి 300 జీఎస్ఎం బోర్డు సరిపోయింది. జూన్ తేమలో అది మెత్తబడి వాలిపోతుంది కాబట్టి రథయాత్ర లాటుకి 350 జీఎస్ఎం, రెండు వైపులా వార్నిష్. రథం దగ్గర పంచకూడదు, తోపులాట అవుతుంది. చలివేంద్రాల వాళ్ళతో ముందే మాట్లాడి, మంచినీళ్ళ గ్లాసుతో పాటు ఇప్పించాం. కమిటీకి, పోలీసు స్టేషనుకి ఒక కాగితం ముందే ఇచ్చి ఉంచాలి.

జూన్ గొడుగులు

షాపాయన చేతి గొడుగు అందరూ ఇచ్చేదే. అయినా ఇక్కడ జూన్ మధ్యకి వానలు పడతాయి, రజోకి బంధువులొస్తారు, పన్నెండు రోజుల్లో రథయాత్ర. జూన్ 7 లోపు షాపుకి చేరిస్తే ఒకే గొడుగు మూడింటికీ పనికొస్తుంది.

23 అంగుళాల ఊచ, 8 ఊచలు, నిలువు గొడుగు. మూడు మడతల గొడుగు చూపుకి బాగుంటుంది గానీ, కీళ్ళు ఎక్కువ కాబట్టి రెండో వానాకాలానికి ఉండదు. రంగు నలుపు. యజమానులకి బ్రాండు పసుపు రంగే కావాలనిపించింది. సంతలో పాతే గొడుగుకి ఆ రంగు దూరం నుంచి పిలుస్తుంది. యాభై ఏళ్ళ షాపాయన బ్యాంకుకి పట్టుకెళ్ళే గొడుగు నల్లగా ఉంటేనే బయటికి తీస్తాడు. ఎదురెదురుగా రెండు రేకుల మీదే ప్రింటు, ఒకదాని మీద తెలుగు, ఒకదాని మీద ఒడియా, అంచుకి మూడంగుళాల పైన. తెరిచిన గొడుగులో ఎదుటివాడి కంటికి ఆనేది ఆ కింది పట్టీయే.

సరుకు దిగిన రోజు ప్రతి పెట్టెలోంచి రెండు గొడుగులు తీసి పరీక్ష చెయ్యాలి. ఇరవైసార్లు తెరిచి మూస్తే స్ప్రింగు సంగతి తెలుస్తుంది. తెల్ల గుడ్డ తడిపి ప్రింటు మీద గట్టిగా రుద్దితే రంగు సంగతి తెలుస్తుంది. పది నిమిషాలు పైపు కింద పెడితే కుట్టు సంగతి తెలుస్తుంది. ఈ లాటులో రెండు పెట్టెల గొడుగులు తెరవగానే చర్రుమన్నాయి. ప్రింటు పూర్తిగా ఆరకముందే మడిచి కట్టేశారు, రంగు పక్క రేకుకి అంటుకుపోయింది. సప్లయరు మార్చి ఇచ్చాడు. 620 షాపులకి 650 తెప్పించడంలో ఉన్న ఆ 30 ఇలాంటి సందుని మూయడానికే.

దసరా చెంచా

పోపుల పెట్టెలో పట్టే చిన్న స్టీలు చెంచా, 500 గ్రాముల కారం ప్యాకెట్టుకి బయట కట్టి ఇచ్చాం. ప్లాను మొత్తంలో అమ్మకాన్ని నేరుగా కదిపిన వస్తువు ఇదే, అలాగే ఎక్కువ తలనొప్పి పెట్టిందీ ఇదే.

మొదటిది స్టీలు. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని అందరూ అనుకుంటారు. 202 గ్రేడుకీ అంటుకోదు, 304కీ అంటుకోదు. ఉప్పు, కారం మధ్య రోజూ ఉండే చెంచా 202 అయితే కొన్నాళ్ళకి చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. స్టీలు కొట్ల దగ్గర దొరికే టెస్టింగ్ లిక్విడ్ చుక్క వేసి రంగు చూస్తే రెండింటి తేడా తెలుస్తుంది. శాంపిల్ మీద ఒకసారి, వచ్చిన లాటు మీద ఒకసారి వెయ్యాలి. శాంపిల్ 304 ఇచ్చి లాటు 202 పంపడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. కాడ మీద పేరు లేజర్‌తో చెక్కించాం, ప్రింటు అయితే పీచుతో నాలుగు తోములకి పోతుంది.

రెండోది కట్టడం. టేపుతో అంటిస్తే, పీకినప్పుడు ప్యాకెట్టు మీది రంగు పొర కూడా ఊడొస్తుంది. ష్రింక్ బ్యాండు (వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ పట్టీ) వేశాం. బ్యాండు మీది "చెంచా ఉచితం" అన్న మాట నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు వీటిలో దేన్నీ మూయకూడదు. చెంచాని ప్యాకెట్టు లోపల వేద్దామన్న ఆలోచన మొదట్లోనే తీసేశాం, కారంలో లోహం ముక్క ఏ రూపంలో ఉన్నా అది ఫిర్యాదే.

మూడోది అట్టపెట్టె. పెట్టెకి 20 ప్యాకెట్లు మామూలు. చెంచా కట్టాక 20 దూరుస్తే పెట్టె పొట్ట ఉబ్బుతుంది, ఆరు వరసలు పేర్చగానే కింది పెట్టె మూల నలిగి దొంతర ఒరుగుతుంది. ఇది ట్రయల్ ప్యాకింగులో తేలింది కాబట్టి 18కి దించాం. 18 అనగానే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త కోడు, రేటు లిస్టులో కొత్త వరస, లారీ లోడు లెక్క కొత్తగా వెయ్యాల్సి వచ్చాయి. ఉచిత వస్తువు ఒక్కటి చేరిస్తే ఆఫీసులో నాలుగు చోట్ల మార్పు వస్తుందని ముందే రాసుకోవాలి.

మార్గశిర లక్ష్మీవారాలు

మార్గశిర మాసంలో గురువారాల లక్ష్మీపూజ రెండు వైపులా ఉంది. ఒడియా ఇళ్ళల్లో మాణబసా గురుబార, కొత్త ధాన్యం కొలతలో పోసి పెట్టి, బియ్యప్పిండితో ఝోటి ముగ్గు, లక్ష్మి పాదాలు వేస్తారు. మన వైపు ఉత్తరాంధ్ర ఆనవాయితీ ప్రకారం లక్ష్మీవారాల నోము. పూజ ఒకటే కానీ నెల ఒకటి కాదు. 2025లో కార్తిక పున్నమి నవంబర్ 5. ఒడియా లెక్కన మరునాడే మార్గశిరం, మొదటి గురువారం నవంబర్ 6. మన లెక్కన నవంబర్ 21న మార్గశిరం మొదలు, మొదటి లక్ష్మీవారం నవంబర్ 27. మూడు వారాల తేడా. ఒకే సరుకుని నవంబర్ 20కి దింపితే ఒడియా ఇళ్ళల్లో పూజ సగం అయిపోయి ఉంటుంది. అందుకని 6,000 ముగ్గు అచ్చుల్లో 3,500 అక్టోబర్ 20 లోపు ఒడియా ఇళ్ళు ఎక్కువున్న లైన్లకి, 2,500 నవంబర్ 12 లోపు తెలుగు ఇళ్ళు ఎక్కువున్న లైన్లకి. 200 గ్రాముల పసుపు ప్యాకెట్టుతో జత.

అచ్చు సంగతి దగ్గరగా చూడాలి. బజారులో చవకగా దొరికేది జాలీ అచ్చు. సన్న రంధ్రాల మీద పొడి ముగ్గు పోసి తుడిస్తే డిజైను పడుతుంది. తెలుగు ఇంట్లో అది బాగానే పని చేస్తుంది. ఝోటి తడి పిండితో వేసేది. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి జాలీలోకి దిగదు, ఆరితే రంధ్రాలు మూసుకుపోతాయి, రెండో గురువారానికి అచ్చు చెత్తబుట్టలోకి వెళ్తుంది. అందుకే ఖాళీ కోత అచ్చు తీసుకున్నాం. అర మిల్లీమీటరు పాలీప్రొపిలీన్ షీటు, ఆరంగుళాల చదరం, పాదం ఆకారం మొత్తం తెరిచి కోసింది. తడి పిండికి గుడ్డ ముక్కతో అద్దుకోవచ్చు, పొడి ముగ్గుకి వేళ్ళతో చల్లుకోవచ్చు. పాదం లోపల వేళ్ళ చుక్కలు ఊడిపోకుండా వంతెనలు కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి, 2 పెడితే కడిగినప్పుడు తెగుతాయి. బ్రాండు పేరు పాదంలోకి రాకూడదు. పట్టుకునే అంచు మీద చిన్నగా ఉంది, గడప మీద పడేది లక్ష్మి పాదం ఒక్కటే.

క్యాలెండరు

శివకాశి ప్రెస్సుల్లో తమిళుల ఆడి 18 పూజ దాటాక, అంటే ఆగస్టు మొదటి వారం తరువాత కొత్త క్యాలెండరు బొమ్మల ఆల్బమ్‌లు వస్తాయి. బొమ్మ ఎంచుకోవడం అరగంట పని. కష్టమంతా తేదీల షీటులో ఉంది.

ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో పెద్దవాళ్ళు తెలుగు చదువుతారు, ఒడియా మీడియంలో చదివిన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ లిపి చదవలేరు. రెండు లిపులూ ఉంటేనే ఒకే గోడ మీద ఇద్దరికీ పనికొస్తుంది. అంకె మధ్యలో పెద్దగా, ఎడమ పక్క తెలుగు తిథి, నక్షత్రం, కుడి పక్క ఒడియా. నెల పేరు రెండు లెక్కల్లో విడివిడిగా. పండగల్లో ఉగాది, నాగులచవితి, అట్లతద్దితో పాటు ఉత్కళ దివసం ఏప్రిల్ 1, పణా సంక్రాంతి, రజో మూడు రోజులు. కింద ఆ లైనులో ఏ వారం ఏ ఊరి సంత అన్న పట్టీ. ఆ పట్టీ ఉన్నందుకే షాపుల వాళ్ళు అడిగి తీసుకున్నారు.

ఫాంటుల దగ్గర జాగ్రత్త. తెలుగు డీటీపీ పాత ఫాంటులో, ఒడియా డీటీపీ ఇంకో పాత ఫాంటులో చేస్తారు. యూనికోడ్ నుంచి మార్చినప్పుడు తెలుగులో వత్తులు, ఒడియాలో జంటాక్షరాలు విరుగుతాయి. ప్రెస్సులో ఆ రెండు లిపులూ చదివేవాళ్ళు ఉండరు, విరిగింది విరిగినట్టే అచ్చవుతుంది. ఫైలు మొత్తం కర్వ్స్‌గా (అక్షరాలని గీతల బొమ్మలుగా) మార్చి పంపాలి. ప్రూఫు ఇద్దరు వేర్వేరుగా చదవాలి: తెలుగు పంచాంగం పక్కన పెట్టుకుని ఒకరు, ఒడియా పంజిక పక్కన పెట్టుకుని ఒకరు. ఒకే మనిషి రెండూ చూస్తే నెల పేర్ల దగ్గర తడబడతాడు.

కాగితం కూడా ఆలోచించి తీసుకోవాలి. బొమ్మకి ఆర్ట్ పేపరు, తేదీల షీట్లకి 90 జీఎస్ఎం మ్యాప్‌లితో (నునుపు పూత లేని కాగితం). ఇంట్లో పాల లెక్క, గ్యాసు వచ్చిన తేదీ రాసుకునేది ఆ గళ్ళలోనే. నున్నటి కాగితం మీద బాల్‌పెన్ను జారిపోతుంది, రాయలేని క్యాలెండరు ఫిబ్రవరికి తలుపు వెనక్కి పోతుంది. షాపుకి 4 చొప్పున 2,480, ఒకటి షాపులో తగిలించడానికి, మూడు ఆయన ఖాతాదారులకి. మిగిలిన 120 డిస్ట్రిబ్యూటర్లకి, ఆఫీసుకి. ఆ మూడు ఎవరికిచ్చారో షాపాయన చెప్పనక్కర్లేదు. ఎవరికివ్వాలో ఆయనకి మనకంటే బాగా తెలుసు.

లోడు అక్టోబర్ చివరి వారానికి పెట్టుకున్నాం, పంచే తేదీ డిసెంబర్ 1. మధ్యలో అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటింది, లోడు విశాఖ ట్రాన్స్‌పోర్టు గోడౌన్‌లో ఆగింది. నెల రోజుల గడువు చేతిలో ఉంది కాబట్టి ఆపించగలిగాం, తొందర ఉంటే తడుస్తూ వచ్చేది. పెట్టె లోపల పాలిథిన్ సంచి వేసి కట్టమని ఆర్డరులోనే రాయాలి. గోడౌన్‌లో నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకి జానెడు దూరంగా పేర్చాలి. తేమ తగిలిన షీటు చుట్టుకుపోతుంది, పైన టిన్ పట్టీ బిగించాక దాన్ని మళ్ళీ సాపు చెయ్యలేం.

పన్ను, కాగితాలు

ఉచితంగా ఇచ్చే వస్తువు మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన పన్నుని మన పన్నులోంచి తగ్గించుకునే వీలు) రాదు, సీజీఎస్టీ చట్టం 17(5)(హెచ్) కానుకలని, ఉచిత శాంపిళ్ళని అడ్డుకుంటుంది. గొడుగులు, విసనకర్రలు, క్యాలెండర్లు ఈ లెక్కలోకే వస్తాయి, కాబట్టి వాటి పన్ను ఖర్చుగానే వేసుకోవాలి. ప్యాకెట్టుకి జతగా వెళ్ళే చెంచా, అచ్చు వేరు. ఒక ధరకి రెండు వస్తువులు కలిపి అమ్మినట్టే అని 2019 మార్చి 7 నాటి 92/11/2019 సర్క్యులర్ చెప్తుంది, వాటికి క్రెడిట్ నిలుస్తుంది. బిల్లులో ప్యాకెట్టు పేరు పక్కనే జత వస్తువు రాసి ఉండాలి. డిస్ట్రిబ్యూటర్లకి ఇచ్చే కానుకలు, టూర్లు, కూపన్లు అన్నీ కలిపి ఒకరికి ఏడాదిలో 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ముందే కోసి కట్టే పన్ను) పడుతుంది, 2025లో అమల్లో ఉన్న ఆదాయపన్ను చట్టంలో 194ఆర్ కింద ఇది 2022 జూలై 1 నుంచి ఉంది. 2,500 కానుక విడిగా ఆ గీత దాటదు, స్కీముల టూరు కూడా ఉంటే దాటుతుంది. రాష్ట్రం దాటి వచ్చే 50,000 పైబడిన ప్రతి లోడుకీ ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం) ఉండాలి. తుపానుకి లారీ ఆగితే బిల్లు గడువు పొడిగించడం ఎవరి బాధ్యతో ముందే తేల్చుకోవాలి.

టీషర్టుల గురించి ఒక్క మాట. మెరూన్ రంగు, ఛాతీ మీద ఎంబ్రాయిడరీ, ఎం 24, ఎల్ 32, ఎక్స్‌ఎల్ 18, డబుల్ ఎక్స్‌ఎల్ 6. లేత రంగు వేస్తే పసుపు మరక పట్టిన రోజునే ఇంట్లో ఉండిపోతుంది.

ఏది నిలిచింది, 2026కి ఏం మారింది

ఫలితం చూడ్డానికి ఒక ఏర్పాటు చేశాం. కాశీనగర్ లైనులోని 40 షాపులకి గొడుగులు జూన్‌లో ఇవ్వకుండా ఆగస్టులో ఇచ్చాం. జూన్, జూలై ఆర్డర్లు పక్కపక్కన పెట్టి చూస్తే, పాత షాపుల్లో గొడుగు వచ్చిన చోటికీ రాని చోటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కొత్తగా తెరిచిన షాపుల్లో మాత్రం గొడుగు ఇచ్చిన చోట రెండో ఆర్డరు తొందరగా పడింది. చెంచా కట్టిన ప్యాకెట్టు దసరాకి ముందే చాలా షాపుల్లో ఖాళీ అయింది. అచ్చు ఒడియా లైన్లలో బాగా కదిలింది, తెలుగు లైన్లలో నెమ్మదిగా. క్యాలెండరుకి అమ్మకం లెక్క కట్టలేం. అది షాపు గోడ మీద ఏడాదంతా చోటు పట్టుకుంటుంది, దాని విలువ అంతవరకే. సేల్స్‌మాన్ మార్చిలో ఫోటో తీసి పంపితే ఇంకా గోడ మీదే ఉందా, కంటికి కనిపించే చోట ఉందా అన్నది చూసుకోవాలి.

2026లో చేతి గొడుగులు కొత్త షాపులకి మాత్రమే, 150. ఆ మిగిలిన డబ్బు చెంచాలకీ అచ్చులకీ వెళ్తుంది. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం కాబట్టి రథయాత్ర జూలై 16కి వెనక్కి వెళ్ళింది. రజో నుంచి నెల రోజుల దూరం. కిందటేడులా ఒకే లోడు రెండింటికీ కుదరదు. గొడుగులు జూన్ మొదటి వారంలోనే, విసనకర్రల లోడు విడిగా జూలై 5 లోపు. దసరా అక్టోబర్ 20, దీపావళి నవంబర్ 8. రెండూ తుపాను రోజుల నడుమ పడ్డాయి, అందుకే చెంచాల లోడు సెప్టెంబర్ 20 దాటకూడదని రాసుకున్నాం. కార్తిక పున్నమి నవంబర్ 24 కాబట్టి ఒడియా లైన్ల మొదటి గురువారం నవంబర్ 26, వాళ్ళ అచ్చులు నవంబర్ 10కి షాపులో ఉండాలి. ఒడిశాలో పంచాయతీ ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో జరిగాయి, ఐదేళ్ళ లెక్కన మళ్ళీ 2027 మొదట్లోనే రావాలి. ఎన్నికల కోడు అమల్లో ఉండగా గొడుగులు, చీరలు గుట్టగా తీసుకెళ్ళే బండి ఆపి చూస్తారు. అందుకని 2027 క్యాలెండర్లు డిసెంబర్ 15 లోపు పంచడం పూర్తి కావాలి. ఏ పార్టీ గుర్తు ఛాయా పడకుండా, మన బ్రాండు బొమ్మల్లో శంఖం, పద్మం, చెయ్యి లేకుండా డిజైను ఆగస్టులోనే ఓకే చెయ్యాలి.